కాలిన ప్లేట్లు మారిస్తే సరిపోదు

పాత కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులను ఇంట్లోనే బాగు చేసుకునే అమెరికావాసులు నేర్చుకున్న పాఠం

బావి మోటారు కాలిపోయింది. రైతు దాన్ని విప్పి, బండి మీద వేసుకుని పట్నం తీసుకెళ్ళాడు. వైండింగు చేయించాడు. తెచ్చి బిగించాడు. నీళ్ళు పడ్డాయి. వారం తిరక్కుండానే మళ్ళీ పొగ వచ్చింది. రెండోసారి వైండింగుకు అప్పు చేయాల్సి వచ్చింది. అప్పుడుగాని అసలు సంగతి బయటపడలేదు. మూడు ఫేజుల్లో ఒకటి అందడం లేదు. ఫ్యూజు దగ్గర తీగ వదులై ఉంది. బిగించడానికి అయిదు నిమిషాలు పట్టే పని.

ఇది ఏ ఊళ్ళోనైనా జరిగే కథే. కాలినదాన్ని మార్చారు. కాల్చినదాన్ని వదిలేశారు.

సముద్రాలకు ఆవల అమెరికాలో పాత కార్లు ఉన్నవారికి ఇదే పాఠాన్ని మరో యంత్రం నేర్పుతోంది. అదే ఆటోమేటిక్ గేర్‌బాక్సు. కారు మొత్తంలో అత్యంత చిక్కైన భాగం ఇదేనని అక్కడి మెకానిక్కులలోనే చాలామంది జంకుతారు. ఇంజను విప్పేవారు కూడా దీని జోలికి పోరు. అయినా శని, ఆదివారాల్లో ఇంటి కారు షెడ్డులో దీన్ని దించి, వందల ముక్కలుగా విప్పి, మళ్ళీ కూర్చి నడుపుకునేవారు ఆ దేశంలో ఉన్నారు. వారిలో కొందరు గుమాస్తాలు, కొందరు బడిపంతుళ్ళు. మెకానిక్ పని బతుకుతెరువు కానివారే ఎక్కువ.

సరదా ఒక్కటే కాదు, అవసరమూ ఉంది. పెద్ద నగరాలు దాటితే ఆ దేశంలో చాలాచోట్ల బస్సు దొరకదు. కారు నడవకపోతే పనికి పోయే దారి లేదు. షెడ్డుకు తీసుకెళ్ళి గేర్‌బాక్సు ఓవర్‌హాలింగు చేయించాలంటే బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. పాత కారును అమ్మితే ఆ డబ్బు రాకపోవచ్చు. సీళ్ళు, ప్లేట్లు ఉన్న కిట్టు మాత్రం వందల డాలర్లలో దొరుకుతుంది. మిగతాది ఒంటి కష్టం. చేయి కదపకపోతే కారు తుక్కుదుకాణానికే పోతుంది.

క్లచ్ పెడలు లేని బండి

మన ట్రాక్టరుకు, జీపుకు మూడు పెడళ్ళుంటాయి. ఎడమకాలితో క్లచ్ తొక్కి గేరు మార్చాలి. ఆటోమేటిక్ కారులో ఆ ఎడమ పెడలు ఉండదు. లివరు ఒకసారి ముందుకు వేస్తే చాలు, వేగాన్ని బట్టి గేర్లు వాటంతట అవే మారతాయి.

ఈ ఏర్పాటు ఇప్పటిది కాదు. ఆయిలు ద్వారా శక్తిని అందించే పద్ధతికి జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫొటింగర్ 1905లో పేటెంటు పొందాడు. ఆయన దాన్ని కనిపెట్టింది ఓడల కోసం. కార్లలో పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సును పెద్దయెత్తున తయారుచేసి అమ్మింది జనరల్ మోటార్స్ కంపెనీ. 'హైడ్రా-మాటిక్' అనే ఆ గేర్‌బాక్సు 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తేలికరకం టాంకుల్లోనూ దాన్ని బిగించారు.

ఇంట్లో విప్పేవారికి బాగా పరిచయమైనది దాని తర్వాతి తరానికి చెందిన 'టర్బో హైడ్రా-మాటిక్ 350'. 1969 మోడళ్ళతో వచ్చిన ఈ మూడు గేర్ల పెట్టెను నోవా, కమారో వంటి షెవర్లే కార్లలో, పికప్ వాన్లలో 1980ల దాకా వాడారు. అల్యూమినియం ఒళ్ళు. ఆయిలు లేకుండా కూడా దాదాపు యాభై అయిదు కిలోల బరువు. కంప్యూటరు లేదు, కరెంటు తీగల చిక్కు లేదు. అంతా ఆయిలు పీడనంతోనే నడుస్తుంది. అందుకే మొదటిసారి చేయి పెట్టేవారు దీన్ని ఎంచుకుంటారు.

రెండు ఫాన్ల కిటుకు

ఇది పనిచేసే తీరు తెలియాలంటే రెండు టేబులు ఫాన్లను ఎదురెదురుగా పెట్టి చూడాలి. ఒకదానికి స్విచ్చి వేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. రెండిటి మధ్య ఇనప బంధం ఏదీ లేదు. ఆటోమేటిక్ కారులో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ ఉండే టార్క్ కన్వర్టరు అలాంటిదే. గాలికి బదులు ఆయిలు. గుమ్మడికాయ ఆకారంలో మూసి వెల్డింగు చేసిన డొల్లలో రెక్కలుంటాయి. ఇంజను ఒకవైపు రెక్కలను తిప్పితే, ఆయిలు విసురుకు ఎదుటి రెక్కలు తిరుగుతాయి. నడుమ ఉండే మూడో రెక్కల చక్రం ఆయిలును మళ్ళించి, బండి కదిలేటప్పుడు బలాన్ని పెంచుతుంది. బ్రేకు తొక్కి బండి ఆపినా ఇంజను ఆగిపోదు. ఆయిలు జారుతూ ఉంటుంది, అంతే.

ఇక గేర్లు. నడుమ ఒక చక్రం, దాని చుట్టూ తిరిగే మూడో నాలుగో చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి పళ్ళు లోపలికున్న పెద్ద వలయం. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా ఉంటాయి కాబట్టి వీటికి ఆ పేర్లే పెట్టారు. చాలా ట్రాక్టర్ల వెనకచక్రాల దగ్గర వేగం తగ్గించి బలం పెంచేది ఇలాంటి అమరికే. ఇందులో ఏ చక్రాన్ని పట్టి ఆపితే, ఏ చక్రాన్ని తిప్పితే, ఆ లెక్కన గేరు మారుతుంది. ఈ పెట్టెలో మొదటి గేరులో ఇంజను 2.52 చుట్లు తిరిగితే బయటి షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. రెండో గేరులో 1.52 చుట్లకు ఒకటి. మూడోది సరిసమానం.

పట్టి ఆపే, పట్టి తిప్పే పనులు చేసేవే క్లచ్‌లు. పళ్ళేల్లాంటి ప్లేట్ల దొంతరలివి. ఒకటి ఉత్త ఉక్కు ప్లేటు, పక్కది రాపిడి పూత ఉన్న ప్లేటు, ఇలా ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయి. ఆయిలు పీడనంతో పిస్టను వచ్చి నొక్కితే దొంతరంతా ఒకే ముద్దగా తిరుగుతుంది. పీడనం తీసేస్తే విడిపోతుంది. ఒకటిన్నర టన్నుల బండిని కదిలించే ఆ పూత ప్రధానంగా కాగితం జాతి పదార్థమంటే నమ్మడం కష్టం. ఆయిల్లో తడిసి, గట్టిగా నొక్కుకుని ఉన్నంతకాలం అది లక్ష మైళ్ళయినా పనిచేయగలదు. జారడం మొదలైతే మాత్రం కొద్దిసేపట్లోనే మాడుతుంది.

దించకముందే రోగనిర్ణయం

అనుభవం ఉన్నవారు పానా పట్టుకోకముందే ఆయిలు చూస్తారు. మంచి ఆయిలు ఎర్రగా, తేటగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి, మాడువాసన వస్తే లోపల ప్లేట్లు కాలినట్టు. పాలు కలిపిన గులాబి రంగులో ఉంటే రేడియేటరు నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నట్టు.

తర్వాత బండి నడిపి చూస్తారు. ఏ గేరుకు ఏ క్లచ్ పట్టాలో తెలిస్తే జబ్బు ఎక్కడో ఇట్టే చెప్పవచ్చు. ఈ పెట్టెలో ముందుకు పోయే ప్రతి గేరుకూ 'ఫార్వర్డ్' క్లచ్ కావాలి. రెండో గేరుకు దానితోపాటు 'ఇంటర్మీడియట్' క్లచ్ పడుతుంది. మూడో గేరుకు 'డైరెక్ట్' క్లచ్ కూడా వచ్చి కలుస్తుంది. రివర్సుకు ఫార్వర్డ్ అక్కర్లేదు, కాని డైరెక్ట్ క్లచ్ కావాలి. కాబట్టి ముందుకు కదలని బండి వెనక్కు చక్కగా పోతుంటే ఫార్వర్డ్ క్లచ్ పోయినట్టు. మొదటి రెండు గేర్లూ బాగుండి, మూడోదీ రివర్సూ జారుతుంటే దోషం డైరెక్ట్ క్లచ్‌లో ఉన్నట్టు. నాడి పట్టుకుని రోగం చెప్పే వైద్యుడి తీరు ఇది.

అడుగున ఉండే తొట్టిని పదమూడు బోల్టులు విప్పి దించితే మరికొంత తెలుస్తుంది. కాస్త నల్లని మడ్డి ఉంటే అది మామూలు అరుగుదల. ఇత్తడిరంగు పొడి ఉంటే బుష్‌లు, వాషర్లు తినేసినట్టు. మెరిసే ఉక్కు ముక్కలు కనిపిస్తే గేర్లకే దెబ్బ తగిలినట్టు. అప్పుడు ఇంటి పనితో తీరదని గ్రహించి, అక్కడే ఆగిపోయేవారూ ఉన్నారు.

ప్రాణాలతో చెలగాటం వద్దు

గేర్‌బాక్సు దించడం మొత్తం పనిలో ప్రమాదకరమైన భాగం. ఎత్తిన బండిని ఉక్కు స్టాండ్ల మీద నిలపాలి. ఉత్త జాకీని నమ్మి కిందికి దూరకూడదు. జాకీ జారి బండి కిందే నలిగిపోయినవారు ఏ దేశంలోనైనా ఉన్నారు. బాటరీ తీగ ముందే విప్పాలి. జాయింటు షాఫ్టు, కూలరు గొట్టాలు, లివరు కడ్డీ, స్పీడోమీటరు తీగ వరుసగా తీయాలి. కన్వర్టరును ఇంజనుకు బిగించిన బోల్టులు తీసి, ఇంజను వెనకభాగానికి ఆసరా పెట్టి, అప్పుడు పెట్టెను వెనక్కు జరిపి దించాలి. దించేటప్పుడు కన్వర్టరు జారి పడకుండా ఒక పట్టీతో కట్టడం మరవకూడదు. నిండు ఆయిలుతో ఉండే ఆ డొల్ల కాలిమీద పడితే ఎముక మిగలదు.

శుభ్రతే సగం పని

బల్లమీదికి చేరాక మొదటి పని కడగడం. బయటి మట్టి ఒక్క రేణువు కూడా లోపలికి పోరాదు. తర్వాత విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరుసలోనే, తిరిగి ఉన్న వైపే, బల్లమీద పరుస్తారు. ముందు పంపు, దాని వెనక క్లచ్ దొంతరలు, ఆపైన గేర్లు. నడుమ నడుమ పలచని థ్రస్ట్ వాషర్లు. ఒక వాషరు తారుమారైతే పెట్టె మొత్తం మళ్ళీ విప్పాల్సిందే. కొందరు ప్రతి దశకూ ఫొటో తీస్తారు. కొందరు కాగితం మీద బొమ్మ గీసుకుంటారు.

వీరు పాటించే నియమాలు రెండు చూస్తే ముచ్చటేస్తుంది. ఒకటి, పాతగుడ్డతో ఏ భాగాన్నీ తుడవరు. గుడ్డ నుంచి ఊడే ఒక్క నూలుపోగు చాలు, లోపలి వాల్వు ఇరుక్కుపోవడానికి. భాగాలను కడిగి గాలికి ఆరబెడతారు. రెండోది, కూర్చేటప్పుడు వాషర్లు జారిపడకుండా అంటించడానికి గ్రీజు వాడరు, వాజలీన్ వాడతారు. వేడికి వాజలీన్ కరిగి ఆయిల్లో కలిసిపోతుంది. గ్రీజు కరగక, ఉండకట్టి, ఫిల్టరుకు అడ్డుపడుతుంది.

పెట్టెకు మెదడు అనదగ్గది వాల్వు బాడీ. పాము మెలికల్లాంటి కాలవలు తొలిచిన లోహపు పలక అది. అందులో వేలెడంత వాల్వులు, స్ప్రింగులు, చిన్న ఉక్కు గోళీలు ఉంటాయి. పొలంలో మడవ కట్టి నీళ్ళు ఏ మడికి పోవాలో మళ్ళించినట్టు, ఆయిలు ఏ క్లచ్‌కు పోవాలో ఈ వాల్వులు మళ్ళిస్తాయి. పలకను దించేటప్పుడు గోళీలు రాలి దొర్లిపోతాయి. ఏ గోళీ ఏ గుంటలో ఉండేదో రాసి పెట్టుకోనివాడు తర్వాత నెత్తి పట్టుకుంటాడు.

అసలు దోషి ఎవరు?

ఇక్కడే మంచి పనివాడికీ, తొందరపాటువాడికీ తేడా తెలుస్తుంది. డైరెక్ట్ క్లచ్ విప్పగానే బొగ్గులా మాడిన ప్లేట్లు బయటపడతాయి. తొందరపాటువాడు వాటిని పారేసి, కిట్టులోని కొత్త ప్లేట్లు వేసి, మూత బిగిస్తాడు. బండి నడుస్తుంది. కొన్నాళ్ళకు మళ్ళీ అదే వాసన వస్తుంది.

ఎందుకంటే ప్లేటు తనంతట తాను కాలదు. దాన్ని గట్టిగా నొక్కే పీడనం తగ్గితే జారుతుంది. జారితే రాపిడి. రాపిడికి వేడి. వేడికి మాడు. పీడనం ఎందుకు తగ్గిందన్నదే ప్రశ్న. దానికి జవాబులు చాలా ఉన్నాయి.

అన్నిటికన్నా మామూలుది రబ్బరు సీలు. పిస్టను అంచున ఉండే ఈ పలచని సీలు కొత్తలో పిల్లవాడి చెవితమ్మెలా మెత్తగా ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి ఎండి, అప్పడంలా గట్టిపడుతుంది. తీయబోతే ముక్కలైపోతుంది. దాని పక్కనుంచి ఆయిలు కారిపోతుంటే పిస్టను ప్లేట్లను సరిగా నొక్కలేదు. పదులకొద్దీ ప్లేట్లను కాల్చిన దోషి ధర చూస్తే నవ్వొస్తుంది.

రెండోది మాడ్యులేటరు. డబ్బీలాంటి ఈ భాగానికి ఇంజను నుంచి ఒక సన్నని గొట్టం వస్తుంది. ఇంజను పీల్చే పీల్పును బట్టి బండిమీద ఎంత భారం ఉందో ఇది కనిపెట్టి, పీడనాన్ని పెంచమనో తగ్గించమనో చెబుతుంది. దీని లోపలి పొర చిరిగితే వింత జరుగుతుంది. గేర్‌బాక్సు ఆయిలును ఇంజను ఆ గొట్టం గుండా పీల్చి కాల్చేస్తుంది. నేలమీద ఒక్క చుక్క కనబడదు, ఆయిలు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. సైలెన్సరు నుంచి తెల్లపొగ వస్తుంటే యజమాని ఇంజనును అనుమానిస్తాడు. ఆయిలు తగ్గాక పంపు గాలి పీలుస్తుంది, పీడనం పడిపోతుంది, ప్లేట్లు కాలతాయి. దీన్ని పట్టుకోవడానికి పెట్టె విప్పక్కర్లేదు. మాడ్యులేటరు దగ్గర ఆ సన్న గొట్టం ఊడదీస్తే చాలు. అందులో ఆయిలు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

మూడోది కూలరు. వేడెక్కిన ఆయిలు గొట్టాల ద్వారా రేడియేటరుకు పోయి, చల్లబడి తిరిగి వస్తుంది. పాత ప్లేట్ల మడ్డి ఆ గొట్టాల్లో పేరుకుని ఉంటుంది. దాన్ని రెండువైపుల నుంచీ కడగకుండా కొత్తగా కూర్చిన పెట్టె బిగిస్తే, పాత మురికంతా వచ్చి కొత్త వాల్వుల్లో చేరుతుంది. కూలరు మూసుకుపోయి ఉంటే గేర్లకు ఆయిలే అందదు. నీళ్ళు కలిసిన ఆయిలైతే ప్లేట్ల పూతను అంటించిన జిగురు ఊడిపోతుంది. అప్పుడు చూపులకు బాగున్న ప్లేట్లను కూడా మార్చక తప్పదు, రేడియేటరునూ వదలకూడదు.

ఇదే కంపెనీ 1982 మోడళ్ళతో తెచ్చిన నాలుగు గేర్ల '700ఆర్4' పెట్టెలో మరో కిటుకుంది. దానిలో ఆక్సిలరేటరు నుంచి వచ్చే ఒక కేబులు పీడనాన్ని నిర్ణయిస్తుంది. అది వదులుగా ఉంటే కొత్తగా వేసిన ప్లేట్లు కూడా ఎంతో దూరం పోకముందే మాడిపోతాయి. పని అంతా సవ్యంగా చేసి, కేబులు సరిచూసుకోక మొత్తం పోగొట్టుకున్నవారు ఎందరో.

కూర్చడంలో ఓపిక

కొత్త ప్లేట్లను పొడిగా వేయకూడదు. అరగంటో గంటో ఆయిల్లో నానబెట్టాలి. పప్పు నానకుండా రుబ్బితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. దొంతర పేర్చి సర్‌క్లిప్పు వేశాక, ప్లేట్ల మధ్య సందు ఎంతుందో ఫీలర్ గేజితో కొలుస్తారు. ఒక్కో రాపిడి ప్లేటుకు మిల్లీమీటరులో పావు వంతు చొప్పున సందు ఉండాలన్నది వాడుక లెక్క. మరీ బిగువైతే విడిపోక వేడెక్కుతాయి. మరీ వదులైతే ఆలస్యంగా పడతాయి. పిస్టనును దాని గుంటలోకి దించేటప్పుడు సీలు అంచు మడతపడకుండా సన్నని తీగతోనో, పలచని రేకుతోనో లోపలికి సర్దుతారు. బలం ఉపయోగించేవాడు ఇక్కడే ఓడిపోతాడు.

తర్వాత గాలి పరీక్ష. ఆయిలు పోయే రంధ్రంలోకి కొద్ది పీడనంతో గాలి వదిలితే క్లచ్ 'ధబ్' మని పట్టాలి. గాలి వదిలేయగానే విడిపోవాలి. 'బుస్స్' మని కారుతుంటే సీలు సరిగా కూర్చోనట్టే. పెట్టె బల్లమీద ఉండగానే ఈ పరీక్ష చేస్తే మళ్ళీ దించే బాధ తప్పుతుంది.

టార్క్ కన్వర్టరును మాత్రం ఇంట్లో విప్పలేరు. దాన్ని కోసి, బాగుచేసి, మళ్ళీ వెల్డింగు చేసి, తూకం సరిచూడాలి. అందుకు వేరే కార్ఖానాలున్నాయి. పాతది ఇచ్చి, బాగుచేసినది తెచ్చుకుంటారు. ఎంత కడిగినా దాని లోపలి మడ్డి పూర్తిగా పోదు కాబట్టి, ఈ ఖర్చుకు వెనకాడితే పడిన శ్రమంతా వృథా.

మూడు మెట్లు

అంతా అయ్యాక, చివరి గంటలో జరిగే ఒక పొరపాటు అన్నిటినీ మట్టికలుపుతుంది. కన్వర్టరును గేర్‌బాక్సులోకి తోసేటప్పుడు అది మూడు చోట్ల కుదురుకోవాలి. రెండు షాఫ్టుల పళ్ళలోకి, చివరగా పంపు గేరులోకి. తిప్పుతూ తోస్తుంటే ఒక్కోసారి 'టక్' మంటూ లోపలికి దిగుతుంది. మూడో మెట్టు దిగకముందే దిగిందనుకుని ఇంజనుకు ఆనించి, బోల్టులతో లాగి బిగిస్తే పంపు గేరు పగిలిపోతుంది. అప్పుడు స్టార్టు చేసిన మరుక్షణమే పని పాడవుతుంది.

దీనికి గుర్తు సులభం. పెట్టెను ఇంజనుకు ఆనించి బిగించాక కూడా కన్వర్టరు చేత్తో తేలిగ్గా తిరగాలి. ఇంజను వెనక పలకకూ దానికీ మధ్య మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల సందు ఉండాలి. బోల్టులు బలవంతాన బిగించాల్సి వస్తోందంటే, ఆగి మళ్ళీ తీయాల్సిందే.

చివరగా ఆయిలు. ఖాళీ పెట్టె, కన్వర్టరు కలిపి తొమ్మిది పది లీటర్లు పడుతుంది. కొంత పోసి, స్టార్టు చేసి, పంపు లాక్కున్నకొద్దీ మిగతాది పోస్తారు. ఆయిలు మట్టాన్ని ఇంజను తిరుగుతుండగానే, వేడెక్కాక చూడాలి. ఈ ఆయిలుకూ ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు ఇందులో స్పెర్మ్ జాతి తిమింగలాల నూనె కలిపేవారు. 1970ల తొలి సంవత్సరాల్లో ఆ జంతువుల రక్షణకు చట్టాలు రావడంతో దాని బదులు రసాయనాలు కలిపి కొత్త ఆయిళ్ళు చేశారు.

లివరును మెల్లగా రివర్సులోకి, ముందుకు, మళ్ళీ రివర్సులోకి వేసి చూస్తారు. బండి ఒక చిన్న కుదుపుతో పట్టుకుంటే, వారాల తరబడి బల్లకు అతుక్కుపోయిన మనిషి అప్పుడు గుండె నిండా ఊపిరి పీల్చుకుంటాడు. ఊళ్ళో నెమ్మదిగా నడిపి, గేర్లు ఏ వేగంలో మారుతున్నాయో చూసి, తిరిగివచ్చి మళ్ళీ ఆయిలు చూస్తాడు. ఎర్రగా, తేటగా ఉంటే దోషి పట్టుబడినట్టే.

మనకెందుకు?

మన రోడ్లమీద దశాబ్దాలపాటు తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు చేత్తో గేరు మార్చేవే. ఇప్పుడు క్లచ్ పెడలు లేని కార్లు పల్లెల్లోకీ వస్తున్నాయి. 2014లో మారుతి సెలేరియోతో ప్రచారంలోకి వచ్చిన రకం వేరు. అందులో ఉండేది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మనిషి బదులు యంత్రం చేస్తుంది. ఆయిలు కన్వర్టరు ఉన్న కార్లు కూడా ఉన్నాయి. ఇటీవలి పెట్టెల్లో కంప్యూటరు చేరింది కాబట్టి ఇంట్లో విప్పడం అంత సులభం కాదు.

అయినా వాటి యజమానులు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కన్వర్టరు ఉన్న ఆటోమేటిక్ కారును తోసి స్టార్టు చేయడం కుదరదు. ఇంజను తిరిగితేనే ఆయిలు పంపు తిరుగుతుంది. అదే కారణం వల్ల, చెడిపోయిన బండిని తిరిగే చక్రాలు నేలమీదే ఉంచి తాడుతో దూరం లాక్కెళ్ళకూడదు. లోపల ఆయిలు అందక గేర్లు అరిగిపోతాయి. బండిని లారీమీద ఎక్కించి తీసుకెళ్ళడమే మేలు. ఆయిలు వాసన, రంగు అప్పుడప్పుడు చూపించుకోవడం మంచిది.

కారు లేనివారికి కూడా ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. ఇనుము తొందరగా చావదు. ఆ పెట్టెలో ఎక్కువ ముక్కలు యాభై ఏళ్ళ తర్వాత కూడా బాగానే ఉంటాయి. పోయేది ఒక రబ్బరు ముక్క, ఒక గొట్టం, ఒక ఫిల్టరు. అది పోతూ పోతూ పక్కనున్న వాటిని కాలుస్తుంది. మరమ్మతంటే కాలినదాన్ని పారేసి కొత్తది వేయడమే అనుకుంటే డబ్బు రెండుసార్లు పోతుంది.

ఈసారి మోటారు కాలితే పట్నం బండి కట్టేముందు ఒక్క పని చేయవచ్చు. తెలిసినవారి చేత మూడు ఫేజులూ వస్తున్నాయా, ఓల్టేజి సరిపోతోందా, పంపు చేతికి తేలిగ్గా తిరుగుతోందా అని చూపించాలి. ఆ తర్వాతే వైండింగు.